నూరిన చెయ్యి

పోయిన వారం మా అక్కని నా గుమ్మంలో నిలబెట్టి వదిలేశాను. వారం రోజులు అలా నిలబడే ఉంది కాబట్టి మీలో కొందరికి జాలి కూడా వేసి ఉంటుంది. నాకు వెయ్యలేదు. ఏడేళ్ళపాటు ముఖం చూపించని మనిషి, ఆదివారం మిట్టమధ్యాహ్నం, తలకి గుడ్డ చుట్టిన కూతుర్ని పొదివి పట్టుకుని వచ్చి "లోపలికి రానిస్తావా" అని అడిగింది. నేను తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టి చూస్తున్నాను. అక్కడ ఆపాను.

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పిల్లల తల మీద పేనుకొరుకుడుకి మందు పెట్టే ఇల్లు మాది. నిన్నటిదాకా ఒత్తుగా ఉన్న జుట్టు నాణెమంత మేర ఊడిపోయి, అక్కడ చర్మం నున్నగా మెరుస్తూ కనిపిస్తే దాన్నే పేనుకొరుకుడు అంటారు. పేలకీ దానికీ పేరులో తప్ప ఏ చుట్టరికమూ లేదు. నాన్న పోయాక ఆ వైద్యం అక్క మొగుడి చేతికి వెళ్ళింది. మందు నూరే పని నాది, పెట్టి పేరు తెచ్చుకునే పని బావది. నా కూతురికే ఆ జబ్బు వచ్చినప్పుడు బావ మా ఇంటి హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి, అందరూ చూస్తుండగా దాని తలకి మందు పెట్టాడు. తల కాలింది. బొబ్బలు లేచాయి, పుండు పడింది, మానాక మచ్చ మిగిలింది. మచ్చ మీద జుట్టు రాలేదు, ఇక రాదు. "నూరింది దాని తల్లే, చెయ్యి తేడా చేసింది" అని బావ అదే హాల్లో అదే జనంతో చెప్పాడు. ఆ తర్వాత నా చేతికి తమ పిల్లని అప్పగించే తల్లి ఒక్కతీ లేదు. ఇప్పుడు తలనూనె తయారుచేసే కంపెనీలో సీసాలకి మూతలు బిగిస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి, నేనూ నవ్వుకుంటూ ఉంటాను.

త్వరగా గుణం కనిపించి జనం ఔరా అనాలని బావ ఆ మందులో ఏదో ఘాటైనది కలిపాడని నా నమ్మకం. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. మా మందు నూరేది ఆ గింజనే, దానితోనే పేరు సంపాదించినవాడు మా బావ. ఏదో ఒకరోజు అదే హాల్లో, అదే జనం ముందు, ఆ మనిషి తల వంచి నిలబడాలి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నేను కోరుకునేది అదొక్కటే.

తలుపు మీది చెయ్యి తీశాను. గుమ్మంలో అయితే ఎదురింటి దర్జీ కుట్టు ఆపి మరీ వింటాడు. లోపలైతే నాకు కావలసినంత తీరిక.

"పిన్నివి నువ్వేనా?" అంది అక్క కూతురు, లోపలికి వస్తూనే. ఆరేళ్ళు ఉంటాయి. సన్నగా, ఒక్క క్షణం కుదురు లేకుండా ఉంది. ఇంట్లో పిచ్చిక అని పిలుస్తారట.

"నేనే."

"అమ్మ నీ గురించి ఏమీ చెప్పదు."

"చెప్పుకునేంత గొప్పదాన్ని కాదులే. ఇటు వచ్చి కూర్చో."

కిటికీ పక్కన ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టి, తలగుడ్డ విప్పాను. ఎడమ చెవి వెనక నున్నటి మచ్చ ఒకటి, దానికి కాస్త పైన ఇంకొకటి. రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అంచున ఉన్న వెంట్రుకల్ని రెండు వేళ్ళతో పట్టి మెల్లిగా లాగాను. ఊడి రాలేదు. అంటే జబ్బు ముందుకి పాకడం ఆగింది. తల కొంచెం పక్కకి వంచి, వెలుగు అడ్డంగా పడేట్టు చూశాను. నాన్న పిల్లల్ని ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చోబెట్టుకునేవాడు, కొన్ని సంగతులు అడ్డం వెలుగులోనే కనిపిస్తాయని. కనిపించాయి. నున్నటి చర్మం మధ్యలో తెల్లటి నూగు. కొత్త వెంట్రుకలు ముందు అలా తెల్లగానే వస్తాయి, నల్లబడటం తర్వాత.

పిచ్చిక తల దానంతటదే బాగుపడుతోంది. పిల్లల్లో చాలామందికి ఈ జబ్బు అలాగే పోతుంది. మందు పెట్టినా పోతుంది, పెట్టకపోయినా పోతుంది. మా ఇంటికి వచ్చిన పేరులో సగం అలా వచ్చిందేనని నాన్న మా ఇద్దరి దగ్గర ఒప్పుకునేవాడు, బయట మాత్రం గంభీరంగా మీసం సవరించుకునేవాడు. ఈ సంగతి అక్కకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. గుండెల మీది బండ దిగిపోయి హాయిగా ఇంటికి వెళ్తుంది. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

"ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది" అంది అక్క. కూర్చోమన్నా కూర్చోలేదు. గోడకి ఆనుకుని, నా వేళ్ళనే చూస్తోంది.

"ఇంట్లో అంత పెద్ద వైద్యుణ్ణి పెట్టుకుని, మూతలు బిగించుకునేదాని కొంపకి వచ్చావేం?"

"రేపు మందు పెడతానన్నారు మీ బావ. నన్ను నూరమన్నారు."

"నూరు. ఎవరొద్దన్నారు?"

"నా వల్ల కావటం లేదే. కల్వం ముందు కూర్చుంటే చేతులు ఆడటం లేదు."

"ఇన్నేళ్ళూ నూరిన చేతులేగా."

"లేదు. నువ్వెళ్ళాక మన ఇంట్లో నూరడమే మానేశాం. బయట కొన్న మందే సీసా మార్చి పెడుతున్నారు. సొంత పిల్ల అనేసరికి ఇంటి మందే కావాలంటున్నారు."

నాకు నవ్వొచ్చింది. ఊళ్ళో పిల్లలకి కొన్న మందు, సొంత పిల్లకి నూరిన మందు. నవ్వుతూ అక్క ముఖంలోకి చూశాను. ఆమె కూతురి వైపు చూసి, మళ్ళీ నన్ను చూసి, పెదవి కొరుక్కుంది. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టినప్పుడు అలాగే కొరుక్కునేది.

"పిచ్చికా, తెర వెనక గదిలో నీకో అక్క ఉంది, చదువుకుంటోంది. వెళ్ళి రంగు పెన్సిళ్ళు అడుగు" అన్నాను. అది ఒక్క గంతులో తెర దాటిపోయింది. లోపలి గదికీ ముందు గదికీ మధ్య మాకు ఆ పాత చీర తెర ఒక్కటే అడ్డం.

అది అటు వెళ్ళడమేమిటి, అక్క ఇటు నా కాళ్ళ దగ్గర కూలబడింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నా కాళ్ళు వెనక్కి తీసుకున్నాను.

"నీ ఉసురు తగిలిందే నా పిల్లకి. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ ఉసురు వెనక్కి తీసుకో. మందు పెట్టకపోయినా ఫరవాలేదు."

సంతోషం వేసింది. అబద్ధమెందుకు, కడుపు నిండా సంతోషం వేసింది. పైకి మాత్రం, "నా ఉసురు తగలాల్సింది నీ మొగుడికి. నీ పిల్లకి తగిలిందంటే గురి తప్పిందన్నమాట" అన్నాను.

అక్క తల ఎత్తలేదు.

"గురి తప్పలేదు" అంది.

"అంటే?"

"ఆ రోజు నూరింది నేను."

ముందు నాకు అర్థం కాలేదు. ఆ మందు నూరింది నేనే కదా. ముందురోజు నూరి, మా ఇంటి పద్ధతి ప్రకారం ముంజేతి లోపలి వైపు కాస్త పెట్టుకుని, తెల్లవారేదాకా చూసుకున్నాను. కొంచెం ఎర్రబడి ఊరుకుంది. అలా ఊరుకుంటేనే అది పిల్లల తలకి పనికొస్తుంది. బొబ్బ లేస్తే పారబోయాలి. ఎవరు నూరితే వాళ్ళే తమ చేతి మీద పెట్టుకుని చూసుకోవాలి, ఇంకొకరి చెయ్యి పనికిరాదు. నాన్న పెట్టిన నియమం అది. నా గిన్నె, నా మందు. దాన్ని అక్కకి అప్పగించి పెరట్లోకి వెళ్ళాను, అదే బావ ముందుకి వెళ్ళిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"నీ గిన్నె నా చేతిలోంచి జారిపోయింది" అంది అక్క, నేలకే చెబుతున్నట్టు. "మూత తియ్యబోతుంటే జారింది. మందంతా నేల పాలయింది. హాల్లోంచి ఆయన పిలుస్తున్నారు. నువ్వు పెరట్లో నూనె కాస్తున్నావు. అది పాకానికొచ్చే వేళ. కదిలితే మాడిపోతుంది, పిలిస్తే తిడతావు. పిలవలేదు. బుట్టలో పొట్టు వలిచిన గింజలుంటే తీసి, గబగబా నూరి, నీ గిన్నెలోనే పెట్టి ఆయనకి అందించాను."

"ఏ బుట్టలో?"

జవాబు నాకు తెలుసు, అయినా అడిగాను. గురివింద గింజ పచ్చిది విషం. గుడ్డలో మూటకట్టి, మరిగే పాలల్లో గిన్నె అడుగుకి తగలకుండా వేలాడదీసి ఉడికిస్తేనే దాని పొగరు దిగుతుంది. మిగతా వైద్యుల ఇళ్ళల్లో ఉడికించాక పొట్టు వలుస్తారు. కాబట్టి పొట్టుంటే పచ్చిదని ఎవరికైనా తెలుస్తుంది. నాన్నదంతా సొంత తెలివి. పొట్టు ముందే వలిస్తే పాలు బాగా పడతాయని మాకు అలాగే నేర్పాడు. ఉడికి ఆరిన గింజా, వలిచిన పచ్చి గింజా మా ఇంట్లో ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే రెండు బుట్టలు, రెండు మూలల్లో.

"కిటికీ కిందది" అంది అక్క.

పచ్చి గింజల బుట్ట.

"సరే. చేతి మీద పెట్టుకుని చూసుకోలేదా? తెల్లవారేదాకా కాదు, పచ్చి గింజ అయితే కాసేపట్లోనే మంట తెలిసేది."

అక్క ముక్కు చీదుకుంది. ఆ తర్వాత తెర వైపు చూసింది. తెర వెనకనుంచి పిచ్చిక ఏదో గలగలా చెప్పడం వినిపిస్తోంది.

"అప్పుడు కడుపుతో ఉన్నాను" అంది.

కడుపుతో ఉన్న మనిషి ఆ మందు ముట్టుకోకూడదు. అదీ నాన్న నియమమే.

"మూడో నెల. అంతకు ముందు రెండుసార్లు పోయిందని నీకు తెలుసుగా. ఈసారి నిలబడేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఆయనకి కూడా చెప్పలేదు. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని నూరాను. చర్మం మీద పెట్టుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు."

"నా పిల్ల తల మీద పెట్టించడానికి చాలింది."

అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. దర్జీ ఏదో పాట కూనిరాగం తీస్తూ మిషను తొక్కుకుంటున్నాడు. ఏడేళ్ళుగా పడుకోబోయే ముందు బావని తిట్టకుండా నేను కన్ను మూయలేదు. ఆ తిట్లన్నీ వేరే గుమ్మంలో పోశానన్నమాట. నా తోడబుట్టింది, నాకు జడ వేసి బడికి పంపించింది, నా పిల్ల తల కాల్చి, ఆ నింద నా మీద పడుతుంటే స్తంభం పక్కన నిలబడి చూసింది. ఆ రోజు హాల్లో ఆమె ఏడుపు చూసి, నా కోసమే ఏడుస్తోందనుకున్నాను. దాన్ని తల్చుకునే ఇన్నాళ్ళూ ఆమెని పూర్తిగా అసహ్యించుకోలేకపోయాను. ఇప్పుడు ఆ ఇబ్బంది తీరిపోయింది.

"చెప్పాలనే హాల్లోకి వచ్చానే" అంటోంది వెనకనుంచి. "అప్పటికే ఆయన నీ పేరు చెప్పేశారు. జనమంతా నీ వైపు తిరిగారు. మాట నోట్లోనే ఉండిపోయింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే నువ్వు సామాను సర్దుకుని వెళ్ళిపోయావు."

"నేను వెళ్ళలేదు. పంపించారు."

"అవును."

వెనక్కి తిరిగాను. నాకు ఏం కావాలో నాకు స్పష్టంగా తెలుసు. మనిషి మారింది, కోరిక మారలేదు.

"ఆదివారం కదా, సాయంత్రానికి మీ హాలు కిటకిటలాడుతుంది. నాతో రా. అందరి ముందూ నిలబడి, ఆ రోజు నూరింది నేను, నా చెల్లెలు కాదు అని చెప్పు. గట్టిగా చెప్పు, వెనక వరసకి వినపడాలి. ఆ తర్వాత నీ పిల్ల తల నేను చూసుకుంటాను."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే."

"నా కాళ్ళ మీద ఎప్పుడో పడింది. ఇప్పుడు నీ వంతు."

"ఆయన పరువేం కాను? రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు, ఫలానా ఇంటి పిల్ల అంటే? నన్ను కొట్టు, నేనేం అనను. నీ ఇంట్లో పనిమనిషిగా చేరమను, చేరతాను. హాల్లోకి మాత్రం రమ్మనకు."

"కొడితే నా చెయ్యి నొప్పి. పనిమనిషిని పెట్టుకునేంత ఇల్లు కాదు ఇది."

"కొంచెం కనికరించవే."

కనికరం. ఆ మాట వినగానే నాలో ఏదో తెగింది. "రెండు మచ్చలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూశావా? అవి కలిసిపోతాయి" అన్నాను నింపాదిగా. "కలిశాక నెత్తి మీదికి పాకుతుంది. తర్వాత కనుబొమలు. కొంతమంది పిల్లలకి కనురెప్పలు కూడా ఉండవు. బళ్ళో పిల్లలు ఎలా ఉంటారో నీకు తెలియదు, నాకు తెలుసు. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందని ఎవరో అన్నారని నా కూతురు ఒక రోజంతా అన్నం ముట్టలేదు."

అలా అయ్యే పిల్లలు నిజంగానే ఉంటారు. పిచ్చిక వాళ్ళలో లేదు, అంతే. అక్క ముఖంలో రక్తం ఇంకిపోవడం చూస్తూ కూర్చున్నాను. హాయిగా ఉంది. ఇంకో నాలుగు మాటలు అనాలనిపించింది.

అయినా ఆమె తల అడ్డంగా ఊపింది. "రాలేను" అంది. లేచి, పీట మీది తలగుడ్డ తీసుకుని దులిపి, "పిచ్చికా, వెళ్దాం రా" అని పిలిచింది.

తెర తొలగింది. మా అమ్మాయి పిచ్చిక చెయ్యి పట్టుకుని నిలబడింది. పదమూడేళ్ళది, ఈ మధ్యే నా ఎత్తుకి వచ్చింది. ఇంట్లో తలకి గుడ్డ కట్టుకోదు కాబట్టి మచ్చ మొత్తం కనపడుతోంది, నడినెత్తి నుంచి చెవి దాకా. అక్క దాన్ని అంత దగ్గరనుంచి ఎప్పుడూ చూసి ఉండదు. చూపు తిప్పుకుంది. మా అమ్మాయి వంగి పిచ్చిక గౌను బొత్తాం సరిచేస్తుంటే, పిచ్చిక వేలు పెట్టి ఆ మచ్చ తడిమింది. ఆ కాలిన చోటుని నన్ను ఇంతవరకూ ముట్టుకోనివ్వలేదు మా అమ్మాయి. దువ్వెన పట్టుకుని దగ్గరికి వెళ్తేనే తల పక్కకి లాక్కుంటుంది. అది కూడా అందరిలాగే నా చేతినే తప్పు పడుతోందని అనుకునేదాన్ని. అడగడానికి ఎప్పుడూ ధైర్యం చాలలేదు.

"పిన్నీ, నాదీ ఇలాగే అవుతుందా?" అంది పిచ్చిక.

అక్క నా వైపు చూసింది.

"అవదు" అంది మా అమ్మాయి. "నీకు మా అమ్మ నూరుతుంది."

నేను మా అమ్మాయి వైపు తిరిగాను. "నీ తలకి పెట్టింది నేను నూరిందేనని నువ్వు అనుకోలేదా?"

"ఎందుకనుకుంటాను? పెద్దమ్మ నూరుతుంటే గుమ్మంలో నిలబడి చూశానుగా. చేతికి గుడ్డ చుట్టుకుంది. మధ్యమధ్యలో ఏడ్చింది."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"పెదనాన్న చెప్పొద్దన్నాడు."

అక్క చేతిలోంచి తలగుడ్డ కిందపడింది. "ఆయనకేం తెలుసు? ఆయనకి తెలియదు. నేను ఇన్నాళ్ళూ ఆయనకి చెప్పనే లేదు. ఎప్పుడు తెలిసిపోతుందోనని పక్కన పడుకుని వణికిపోయేదాన్ని."

"నేను చెప్పాను పెద్దమ్మా." మా అమ్మాయి గొంతులో కోపం కూడా లేదు. బళ్ళో అప్పజెప్పే పాఠంలా చెబుతోంది. "ఆయన ముందు పీట మీద కూర్చున్నప్పుడే చెప్పాను. ఇది అమ్మ చేసింది కాదు పెదనాన్నా, అమ్మది ఒలికిపోయింది, ఇది పెద్దమ్మ ఇప్పుడే నూరింది, చేతి మీద పెట్టుకుని కూడా చూసుకోలేదు అని. ఆయన నవ్వుతూ నా చెవి దగ్గరికి వంగాడు. నాకు తెలుసు, జనం చూస్తున్నారు, కదలకుండా కూర్చో అన్నాడు. ఈ మాట ఎవరితోనైనా అంటే మీ అమ్మని ఇంట్లోంచి గెంటేస్తారు అన్నాడు. అని మందు పెట్టాడు. మండుతోందని ఏడ్చాను. తల గట్టిగా పట్టుకున్నాడు."

"నువ్వు అప్పుడైనా…"

"నేను ఎవరితోనూ అనలేదమ్మా. అయినా గెంటేశారు. ఆ తర్వాత చెప్పి ఏం లాభం?"

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఎవరి పిడికిలి ఎంతో నాకు అప్పుడు తెలిసింది. అక్కది గుప్పెడు. మిగతా మూట మొత్తం ఆయనదే.

అక్క మా అమ్మాయి దగ్గరికి రెండడుగులు వేసి ఆగిపోయింది. ముట్టుకోవడానికి చెయ్యి ఎత్తి, దించేసింది. "తెలిసే, రేపటికి నన్ను నూరమన్నాడు. మళ్ళీ నన్నే నూరమన్నాడు" అంది, ఎవరితోనో తెలియకుండా. నాకు తెలిసి ఆమె మొగుణ్ణి 'అన్నాడు' అనడం అదే మొదటిసారి.

పిచ్చికని మా అమ్మాయి వైపు కొంచెం తోసింది. "దీన్ని ఇక్కడే ఉంచు. నేను వచ్చేదాకా బయటికి పంపకు" అంది.

"ఎక్కడికి?" అన్నాను.

నేను చెప్పులు వేసుకుని గుమ్మం దాటేసరికి, అక్క హాలుకి వెళ్ళే వీధి మలుపు తిరుగుతోంది, ఒట్టి కాళ్ళతో.